క్యాంపస్‌లో రాతివలయం కనిపించింది, తవ్వొచ్చా?

మీ ప్రశ్నను ఒకసారి నా మాటల్లో చెప్పుకుంటాను. మీరు హైదరాబాద్‌లో ఒక యూనివర్సిటీలో ఎం.ఏ. చరిత్ర చదువుతున్నారు. హాస్టళ్ల వెనక తుమ్మపొదల్లో గుండ్రంగా పేర్చినట్టున్న పెద్ద బండలు కనిపించాయి. పన్నెండుమంది కలిసి ఈ చలికాలంలో తవ్వుదామనుకున్నారు. మీ మేడం కూడా సరేనన్నారు. ఏమేం సామాను కొనాలి, ఎంత లోతు తవ్వాలి, ఎన్ని రోజులు పడుతుంది అని అడిగారు.

నేను ఇరవై ఆరేళ్లు తెలంగాణ జిల్లాల్లో తవ్వకాల మీద పనిచేశాను. అందులో సగం కాలం మీలాంటి పిల్లలకు ట్రెంచ్‌లో, అంటే కొలత వేసి తవ్విన గుంటలో, నిలబడి పాఠం చెప్పడంతోనే గడిచింది. హాస్టల్ వెనక పొదల్లో రాళ్లు చూసి ఆగిపోయినందుకే మీ మీద నాకు గౌరవం కలిగింది. వందలమంది ఆ దారిన నడిచే ఉంటారు. సామాను సంగతి చెబుతాను గాని, మీ ప్రశ్నలో ఎక్కడా లేని మాట ఒకటుంది. అది అనుమతి.

స్థలం యూనివర్సిటీదే కావచ్చు. తవ్వే హక్కు స్థలంతో పాటు రాదు. 1958 నాటి పురాతన కట్టడాల, పురావస్తు స్థలాల చట్టం, ఆ మరుసటి ఏడాది వచ్చిన నిబంధనల ప్రకారం పురావస్తు తవ్వకానికి ఏఎస్ఐ, అంటే కేంద్ర పురావస్తు శాఖ, అనుమతి ఉండాలి. కంచె వేసి నీలం బోర్డు పెట్టిన రక్షిత స్థలం కాకపోయినా ఉండాలి. దరఖాస్తు విద్యార్థుల పేరు మీద పోదు. మీ శాఖ తరఫున, తవ్వకం నడిపిన అనుభవం ఉన్న ఒక డైరెక్టర్ పేరుతో పోతుంది. మీ మేడం గతంలో తవ్వకం నడిపి నివేదిక కూడా రాసినవారైతే సరే. లేదంటే అలాంటివారిని కలుపుకోండి. ఉస్మానియాలో ప్రాచీన భారత చరిత్ర, సంస్కృతి, పురావస్తు శాఖే ఉంది. రాష్ట్రానికి 2017 నాటి సొంత వారసత్వ చట్టం ఉంది కాబట్టి రాష్ట్ర వారసత్వ శాఖకూ ముందే చెప్పుకోవాలి. ఇవన్నీ తేలడానికి నెలలు పడుతుంది. ఈ చలికాలం మాట మర్చిపోండి, వచ్చే చలికాలానికి లెక్క వేసుకోండి.

ఈలోగా చూద్దామని చిన్న గొయ్యి తీయకండి. ఈ మాట గట్టిగానే చెబుతున్నాను. సమాధి గుంత అంతా కలిపి మనిషి పొడవుకు కాస్త ఎక్కువ ఉంటుంది, అంతే. దాని నడిమధ్యలో మీరు తీసిన మూడడుగుల గొయ్యి చాలు, తర్వాత వచ్చేవాళ్లకు ఏమీ మిగలదు. పైన దొరికిన పెంకు కూడా జేబులో వేసుకోవద్దు. మట్టిలో పది రూపాయల విలువ దాటిన పాత సొత్తు దొరికితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిధుల చట్టం చెబుతోంది. వందేళ్లు దాటిన వస్తువులకు 1972 నాటి పురావస్తువుల చట్టం కూడా వర్తిస్తుంది.

ఇక ఆ రాళ్ల సంగతి. మన ఊళ్లలో ఇలాంటి వలయాలను రాకాసిగుళ్లు అంటారు, కొన్నిచోట్ల పాండవుల గుళ్లు అంటారు. పుస్తకాల్లో బృహత్ శిలా సమాధులు అని ఉంటుంది. ఇనుము వాడుకలోకి వచ్చిన కాలపు మనుషులు తమ చనిపోయినవాళ్ల కోసం కట్టుకున్నవి. మొరం దాకా గుంత తవ్వి, ఎముకలనో దేహాన్నో ఉంచి, పక్కన కుండలు, ఇనుప పనిముట్లు పెట్టి, పైన రాళ్లు కుప్పపోసి, చుట్టూ బండలు నిలిపారు. మన నగరం కింద ఇవి కొత్తేమీ కాదు. నిజాం రాజ్యంలో 1914లో పురావస్తు శాఖ ఏర్పడి గులాం యజ్దానీ దాన్ని నడిపిన కాలంలోనే ఇ. హెచ్. హంట్ అనే రైల్వే వైద్యుడు నగర పరిసరాల్లోని సమాధులను తవ్వి, 1916లో హైదరాబాద్ పురావస్తు సంఘం పత్రికలో వాటి గురించి రాశాడు. మౌలాలి పేరు అప్పటి నుంచీ మా పుస్తకాల్లో ఉంది. క్యాంపస్ తవ్వకం కూడా మన దగ్గర జరిగిందే. గచ్చిబౌలిలోని సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో ప్రొఫెసర్ కె. పి. రావు ఇనుప యుగపు సమాధులు తవ్వారు. మీరు మొదట చదవాల్సిందీ, కలవాల్సిందీ ఆ పని తెలిసినవాళ్లనే.

అయితే మీరు చూసింది సమాధే అని ఇప్పుడే అనుకోవద్దు. పాత గొర్రెలదొడ్డి కావచ్చు. రోడ్డు వేసినప్పుడు బుల్డోజర్ పక్కకు నెట్టిన బండలు కావచ్చు. నేను వెళ్తే మొదట చూసేవి చెబుతాను. బండ అడుగు మట్టిలో కూర్చుని ఉందా, ఊరికే పైన ఆని ఉందా? బండల మీద పాచి మచ్చలు ఎటువైపున్నాయి? అవి ఎండా వానా తగిలే పైముఖాల మీద ఉంటే రాయి చాలాకాలంగా కదల్లేదని అర్థం. పక్కకో కిందికో ఉంటే ఎవరో దొర్లించారు. డ్రిల్లు వేసిన సగం గొట్టాల్లాంటి గాట్లు ఉంటే క్వారీ రాయి, ఆశ వదులుకోండి. వలయం మధ్యలో నేల కాస్త ఉబ్బెత్తుగా, పిడికెడు నుంచి తలకాయంత రాళ్లతో నిండి ఉందా? చుట్టుపక్కల వానకు కోసుకుపోయిన కాల్వల్లో లోపల నలుపు, బయట ఎరుపు ఉన్న పెంకులు గాని, బరువుగా నల్లగా బుడగలు బుడగలుగా ఉండే ఇనుప చిట్టెం (ఇనుము కరిగించాక మిగిలిన మడ్డి) గాని కనిపిస్తున్నాయా? వీటిలో రెండు మూడు కుదిరితే మీ మేడంతో కూర్చోవచ్చు. వలయం ఒక్కటే ఉండటం అరుదు. ఇంకో నాలుగు ఎక్కడో పొదల్లో ఉంటాయి, వెతకండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మా రెండో ఏడాది క్షేత్రశిక్షణలో, పేరు చెప్పను, ఒక సంస్థ తరఫున మూడు సమాధులు తవ్వాం. పని బాగా సాగింది. నడుము విరిగేలా నెల రోజులు తవ్వాం. చక్కటి కుండలు వచ్చాయి, ఫొటోలు పేపర్లో పడ్డాయి. పెంకులన్నీ గుడ్డ సంచుల్లో వేసి, ఏ ట్రెంచ్, ఏ పొర, ఏ రోజు అన్నది కాగితం చీటీ మీద రాసి లోపల వేశాం. సంచులు ఒక గోడౌన్‌కు చేరాయి. నివేదిక వచ్చే ఏడాది రాద్దామన్నారు. ఆ వచ్చే ఏడాది నాలుగేళ్లకు వచ్చింది. సంచులు విప్పితే చీటీలన్నీ చెదలు తినేశాయి. మూడు సమాధుల పెంకులు, ఏది ఎవరి పక్కన పెట్టిందో చెప్పే దారి లేకుండా, ఒకే కుప్ప అయ్యాయి. ఎవరో తల్లికో బిడ్డకో పెట్టిన కుండలవి. వేల ఏళ్లు మట్టి పదిలంగా దాచింది. మేం నాలుగేళ్లు దాచలేకపోయాం. ఇప్పటికీ ఆ గోడౌన్ వాసన గుర్తొస్తే నాకు గుండె పట్టేస్తుంది.

అందుకే పిల్లలకు మొదటి రోజే చెప్పేదాన్ని: తవ్వడమంటే చెరపడం. పుస్తకంలో పేజీ చదువుతూ చదువుతూ దాన్ని చింపేయడం లాంటిది. చదివింది రాసుకోకపోతే ఆ పేజీ ఇక లోకంలో లేనట్టే. 1850ల్లో మెడోస్ టేలర్ అనే ఆయన ఇప్పటి కర్ణాటకలోని షోరాపూర్ ప్రాంతంలో ఇలాంటి సమాధులే తవ్వాడు. ఆయన దగ్గర కెమెరా లేదు, కంప్యూటర్ లేదు. కానీ గుంతను నిలువుగా కోసినట్టు ఊహించుకుని ఏ పొర ఎక్కడుందో, ఎముక ఎక్కడుందో, కుండ ఎక్కడుందో గీసి పెట్టాడు. నూట డెబ్బై ఏళ్ల తర్వాత కూడా ఆ గీతలు మాకు పనికొస్తున్నాయి. మా సంచులు నాలుగేళ్లకే మూగబోయాయి. కాబట్టి ఎంత లోతు తవ్వాలి అన్న ప్రశ్నకు నా జవాబు ఇది: మీరు గీసి, రాసి, కడిగి, గుర్తు వేసి, దాచి, అచ్చు వేయించగలిగినంతే తవ్వండి. పన్నెండుమందికి ఒక సీజన్‌లో ఒక్క వలయం చాలు. అందులోనూ సగం.

సగం అని ఊరికే అనలేదు. వలయాన్ని కొబ్బరిచిప్పను నాలుగు ముక్కలు చేసినట్టు నాలుగు భాగాలుగా విడగొడతాం. మధ్యలో అడ్డంగా నిలువుగా మట్టిగోడలు వదిలేస్తాం. ఎదురెదురు రెండు భాగాలే మొదట తవ్వుతాం. అప్పుడు వదిలిన గోడల ముఖాల మీద పొరలన్నీ కనిపిస్తాయి: గుంత ఎక్కడ కోశారు, ఏ మట్టితో పూడ్చారు, తర్వాత ఎవరైనా దొంగలు దిగారా. 1947లో కర్ణాటకలోని బ్రహ్మగిరిలో అప్పటి ఏఎస్ఐ అధిపతి మార్టిమర్ వీలర్ సమాధులు తవ్వింది ఇలా భాగాలుగానే. మిగిలిన రెండు భాగాలు ముట్టుకోకుండా ఉంచడం ఇంకా మంచిది. ఇంకో ముప్పై ఏళ్లకు మనకన్నా మంచి పద్ధతులున్నవాళ్లు వస్తారు.

ఇక సామాను. పలుగు, పార, తట్టలు ఎలాగూ తెలుసు. కానీ మీ చేతిలో రోజంతా ఉండేది తాపీ. మేస్త్రీలు వాడేదే, కాకపోతే చిన్నది, మొన గట్టిగా ఉన్నది తీసుకోండి. దానికి కళ్లున్నాయంటాను నేను. మొరం మీద గీస్తే కరకరలాడుతుంది. పూడ్చిన మట్టి మీద గీస్తే మెత్తగా జారుతుంది. హైదరాబాద్ మొరంలో ఈ తేడా బాగా తెలుస్తుంది, గుంత అంచు దొరికేది అక్కడే. మెత్తటి బ్రష్షులు, వెదురు పుల్లలు (ఎముక దగ్గర ఇనుము తగలనీయవద్దు), రెండు కొలతల జల్లెడలు, నూలుతాడు, మేకులు, మట్టం చూసుకునే లెవెల్, గ్రాఫ్ షీట్లు, ఫొటోలో పెట్టే కొలబద్ద, ఉత్తరం చూపే బాణం. గ్రాఫ్ షీట్లు ఎక్కువ కొనండి. చీటీలు మాత్రం ప్లాస్టిక్‌వి, చెరగని ఇంకుతో, సంచి లోపల ఒకటి, బయట ఒకటి. ఎందుకో మీకు చెప్పక్కర్లేదు.

డబ్బు ఎక్కడ ఖర్చవుతుందో కూడా ఇప్పుడే తెలుసుకోండి. తవ్వడానికి పెద్దగా కాదు, తర్వాతే. పెంకులు కడగాలి, నీడలో ఆరబెట్టాలి, ఒక్కోదాని మీద సన్నటి అక్షరాలతో ట్రెంచ్, పొర సంఖ్య రాయాలి. ఇనుప వస్తువును మాత్రం నీళ్లతో కడగవద్దు. చెమ్మ పీల్చే సిలికా జెల్‌తో కలిపి మూత బిగిసే డబ్బాలో పెట్టాలి, లేకపోతే మీ కళ్లముందే పొరలు పొరలుగా రాలిపోతుంది. బొగ్గు ముక్క దొరికితే చేత్తో తాకకుండా శుభ్రమైన తాపీతో తీసి అల్యూమినియం రేకులో చుట్టాలి. వయసు తేల్చే కార్బన్ పరీక్షకు పంపేటప్పుడు కాగితం, దూది, వేలి జిడ్డు ఇవన్నీ దానికి శత్రువులే. మన గ్రానైటు నేలల్లో ఎముక తేలిగ్గా నిలవదు, పొడిపొడిగా దొరుకుతుంది. అందుకే ఎముక కనిపించిన క్షణం పని ఆపి, దానిమీద అనుభవం ఉన్నవాళ్లను పిలవండి. జన్యు పరీక్ష ఆలోచన ఉంటే తొడుగులు, మాస్కు ముందు నుంచీ ఉండాలి, మధ్యలో వేసుకుంటే లాభం లేదు.

తేదీల విషయంలో కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు దేశమంతా కళ్లు అటే ఉన్నాయి. దక్కనులో ఇనుము క్రీ.పూ. 1200 - 1000 ప్రాంతంలో మొదలైందని మేం చదువుకున్నాం. గచ్చిబౌలి క్యాంపస్ తవ్వకాల నుంచి వచ్చిన ఓఎస్ఎల్ (రేణువుల్లోని వెలుతురు గుర్తుతో వయసు కట్టే పద్ధతి) తేదీలు క్రీ.పూ. 2000 కంటే కూడా వెనక్కి వెళ్లాయని వార్తలు వచ్చినప్పుడు చాలామంది నమ్మలేదు. తర్వాత తమిళనాడులో మయిలాడుంపారై నుంచి క్రీ.పూ. 2172 అని 2022లో, శివగళై నుంచి క్రీ.పూ. 3345 అని 2025 జనవరిలో ప్రకటించారు. ఈ తేదీల మీద పండితుల మధ్య వాదన నడుస్తోంది, నడవాలి కూడా. మీరు గమనించాల్సింది వాదన దేనిమీద నిలబడుతుందో అది. ఓఎస్ఎల్ చెప్పేది ఇసుక రేణువు చివరిసారి వెలుతురు చూసింది ఎప్పుడని, కుండపెంకైతే చివరిసారి కాలింది ఎప్పుడని. నమూనాను ఎండలో బయటకు లాగితే రేణువులోని ఆ గడియారం మళ్లీ సున్నా దగ్గరికి పోతుంది. అందుకే తవ్విన ట్రెంచ్ గోడలోకి ఇనుప గొట్టం దిగ్గొట్టి, వెలుతురు సోకకుండా మూతలు బిగించి, చీకటి గదిలో ఎర్రదీపం కింద విప్పుతారు. చుట్టూ ఉన్న మట్టిని కూడా కొంత పంపాలి. ఇంత చేశాక కూడా ఒక ప్రశ్న మిగులుతుంది: ఆ కుండా, ఈ ఇనుప కత్తీ ఒకే పొరలో, కదలకుండా, కలిసే ఉన్నాయా? దానికి జవాబు ప్రయోగశాల ఇవ్వదు. ఆ రోజు ట్రెంచ్‌లో కూర్చున్న విద్యార్థి డైరీ ఇస్తుంది. మీ డైరీలో ఆ రెండు వాక్యాలు లేకపోతే లక్షలు పోసి తెచ్చిన తేదీ గాల్లో వేలాడుతుంది.

మట్టి పని తెలిసిన కూలీలను తప్పకుండా పెట్టుకోండి. మేం విద్యార్థులం, మేమే తవ్వుకుంటాం అనే ఉత్సాహం మంచిదే, కానీ నాకు గుంత అంచు చూడటం నేర్పింది ప్రొఫెసర్లు కాదు, పాలమూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన. నేను అరగంట నుంచి గీస్తున్న చోట ఆయన పార తిప్పి కొట్టి, ఇక్కడ మన్ను సప్పుడు మారిందమ్మా అని చెప్పాడు. నేను మొరం అనుకుని ఆగిపోయిన చోటు కింద ఇంకో మూర లోతు సమాధి ఉంది. వాళ్ల పేర్లు మీ నివేదికలో రాయండి. రోజుకూలీ సాయంత్రానికి చేతిలో పెట్టండి, యూనివర్సిటీ బిల్లు పాసయ్యాక ఇస్తామనవద్దు.

బండల కింద తేళ్లుంటాయి. బూట్లు వేసుకోండి, చేతులు పెట్టేముందు కర్రతో కదిలించండి. పొద్దున ఆరున్నరకు మొదలుపెట్టి పన్నెండుకు ఆపండి. పొద్దుటి ఏటవాలు ఎండలో మట్టి రంగులు తెలిసినంతగా మిట్టమధ్యాహ్నం తెలియవు.

మరి ఈ ఏడాదంతా ఏం చేయాలి అంటారా? క్యాంపస్ మొత్తం నడవండి. పది మీటర్ల ఎడంతో వరసగా నిలబడి, ఏదీ తీయకుండా, కనిపించిన ప్రతి వలయం, ప్రతి నిలువురాయి, రోటి గుంత, పాత బావి, మట్టిదిబ్బ ఫొటో తీసి ఫోన్ జీపీఎస్‌తో గుర్తు పెట్టుకోండి. సర్వే ఆఫ్ ఇండియా పాత మ్యాపు షీట్లు తెచ్చుకోండి. హైదరాబాద్ 56 కె నంబరు షీటు కిందికి వస్తుంది. సెక్యూరిటీ గార్డులనూ, తోటమాలులనూ, పక్క బస్తీ పెద్దవాళ్లనూ అడగండి. ఈ యూనివర్సిటీ రాకముందు ఇక్కడ ఏ పొలముండేది, దేన్ని పాటిగడ్డ అనేవారు? పాటిమన్ను అని రైతులు బండ్లకెత్తి పొలాలకు తోలుకున్నది చాలాచోట్ల పాత ఊరి దిబ్బే. చనిపోయినవాళ్ల ఊరు దొరికింది, బతికినవాళ్ల ఊరు ఏదీ అన్నది మన బృహత్ శిలా సమాధుల దగ్గర ఎప్పుడూ వెంటాడే ప్రశ్న. మీ క్యాంపస్ మ్యాపు దానికి ఒక చిన్న జవాబైనా ఇవ్వొచ్చు. రేపు కొత్త హాస్టలుకో రోడ్డుకో పునాది తీస్తామని ఇంజినీరింగ్ విభాగం వచ్చినప్పుడు చూపించడానికి చేతిలో ఉండేది కూడా ఆ మ్యాపే. నా అనుభవంలో తవ్వకాలు కాపాడిన సమాధులకన్నా మ్యాపులు కాపాడినవే ఎక్కువ.

వలయం నిజమైనది కాదని తేలినా దిగులు పడకండి. క్యాంపస్ తవ్వకమంటే మూడు వేల ఏళ్లు వెనక్కే పోవాలని లేదు. అమెరికాలో హార్వర్డ్ విద్యార్థులు తమ సొంత ఆవరణలోనే తవ్వుతారు. 1655 ప్రాంతంలో అక్కడి ఆదివాసీ విద్యార్థుల కోసం కట్టిన ఇండియన్ కాలేజీ ఆనవాళ్లను వాళ్లు వెతికారు. ఆ కాలేజీలోని అచ్చుయంత్రం మీదే 1663లో మసాచుసెట్ భాషలో బైబిల్ అచ్చయింది. తవ్వితే ఆ అచ్చు అక్షరాలు, సీసపు ముక్కలు, మట్టిలో దొరికాయి. ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయమైన మన కోఠి మహిళా కళాశాల ఉన్నది 1800ల మొదట్లో బ్రిటిష్ ప్రతినిధి కిర్క్‌పాట్రిక్ కట్టించిన రెసిడెన్సీలో. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ దాడి చేసింది ఆ ఆవరణ మీదే. ఆ రోజుల గాజుపెంకులు, పింగాణీ, నీటికాల్వల జాడలు ఏ మట్టిలో ఉన్నాయో ఎవరు చూశారు? ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ భవనం 1934లో శంకుస్థాపన జరిగి 1939లో తెరుచుకుంది. ఆ అయిదేళ్లూ రాళ్లు చెక్కినవాళ్ల గుడిసెలు, పొయ్యిలు, విరిగిన ఉలులు ఎక్కడున్నాయి? భవనం గురించి అందరూ రాస్తారు, వాళ్ల గురించి మట్టి తప్ప ఇంకెవరూ చెప్పరు. నాకు మీ వయసుంటే ఆ ప్రశ్న పట్టుకుని వెళ్లేదాన్ని.

ఎన్ని రోజులు పడుతుందన్నారు. ఒక వలయంలో సగానికి, పన్నెండుమంది, ఆరుగురు కూలీలు, తవ్వడానికి అయిదారు వారాలు. పెంకుల పనికి, గీతలకు, నివేదికకు ఏడాది. ఆ ఏడాది కూర్చునేవాళ్లెవరో పేర్లు ముందే రాసుకోండి. ఫైనలియర్ వాళ్లు వెళ్లిపోతారు కాబట్టి ఫస్టియర్ వాళ్లను సగం తీసుకోండి. పెంకులు దాచే గదికి తాళంచెవి ఎవరి దగ్గరుంటుందో లిఖితపూర్వకంగా తెచ్చుకోండి. ఇవి రెండూ కుదరకపోతే అనుమతి వచ్చినా తవ్వవద్దు.

పని అయ్యాక ట్రెంచ్‌ను తెరిచి వదిలేయకండి. ఒక్క వానాకాలం చాలు, గోడలు కూలి మిగిలిన సగం కూడా పోతుంది. అడుగున చిల్లులున్న షీటు పరిచి, దానిమీద ఆ ఏడాది రూపాయి బిళ్లలు నాలుగు వేసి, తీసిన మట్టితోనే పూడ్చండి. మళ్లీ ఎవరైనా అక్కడ తవ్వినప్పుడు మీరు ఎక్కడ ఆగారో ఆ బిళ్లలు చెబుతాయి.

బండల ఫొటోలు తీసి ఇక్కడ పెట్టండి. ప్రతి బండ మొదలు కనిపించేలా, పక్కన స్కేలు పెట్టి, నాలుగు దిక్కుల నుంచీ. జాగా గుర్తులు మాత్రం బయట పెట్టకండి, నిధుల కోసం తవ్వేవాళ్లు కూడా చదువుతారు.